మోకాలెత్తు

హలో… ఆ, నేనే బాబాయ్. చెప్పు.

…

ఎవరు, మీ పక్కింటి కుట్టుమిషనావిడా? ఏమంటోందట?… "కంప్యూటర్ ముందు కూచున్న ఆ పిల్ల సరే అంటేనేగా మూడేళ్ళ కిందట ఎడారిలో మోటార్లు బిగించారు, ఇక మన మడుగు ఇంకిపోతుంది" అనా? ఆవిడకెవరు చెప్పారు?… ఆడపడుచు. ఆ ఆడపడుచుకి?… పాలాయన. బాగుంది! ముగ్గురూ కలిసి నా ఉద్యోగం చేసేస్తున్నారన్నమాట.

నవ్వకు. కొంపదీసి నువ్వూ నమ్మావా?

…

విను. ఎడారి కింద నీళ్ళు మన మడుగు కంటే ఎత్తులో ఉన్నాయి. అందుకే ఇటు పారి ఊటలై పైకొస్తున్నాయి. ఎంతెత్తంటావా… మోకాలెత్తు, మహా అయితే ఇంకో బెత్తెడు. ఆ కాస్త ఎత్తు చూసుకునే ఎన్ని మోటార్లు పెట్టొచ్చో లెక్కకట్టి ఇచ్చాను. మనం జమ్ము మళ్ళీ నాటింది, తొట్లలో పెంచిన చేపపిల్లలన్నిటినీ తెచ్చి వదిలింది — అంతా ఆ ధీమాతోనేగా!

నాకెలా తెలుసా? భలేవాడివే, నీ నోటుబుక్కే! పద్దెనిమిది బోర్లు, నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో పదేళ్ళు నువ్వు టేపు వేసి కొలిచినవి. బోరు గొట్టం నేలమీదకి మోకాలెత్తు ఉంటుందా, నువ్వు కొలిచేది గొట్టం మూతి నుంచా… అందుకని ఆ మోకాలెత్తు నేను తీసేసి —

…

ఏమన్నావ్?

…

మళ్ళీ చెప్పు. మెల్లగా.

…

నువ్వే తీసేసి రాశావా… ఎప్పటినుంచి?… మొదటిరోజు నుంచీనా! ఎందుకు బాబాయ్?… చదువుకున్నవాళ్ళకి ఓ పని తగ్గుతుందనా. అయ్యయ్యో.

లేదు, లేదు. నీ తప్పు కాదు. ఒక్కమాట అడగాల్సింది నేను. నువ్వు తీసిందాన్నే నేనూ తీశాను. లెక్కలో నీళ్ళు మోకాలెత్తు పైకి లేచాయి. లేని నీళ్ళు చూశాను.

ఒక్క బోరుకైనా మర్చిపోయుంటావేమో, ఆలోచించు. ఒక్కదానికి?… సరే. నువ్వు మర్చిపోయే మనిషివి కాదు, తెలుసు.

ఫోన్ పెట్టకు. తలుపు వేసొస్తాను… పక్కగదిలోనే మా పెద్దింజనీరు.

…

ఆ, వచ్చా. అంకెలు మారుస్తున్నా. పద్దెనిమిదీ… అయింది. లెక్క నడుస్తోంది, కాసేపు పడుతుంది. ఏదో ఒకటి మాట్లాడు బాబాయ్.

…

మూడేళ్ళుగా తోడుతున్నా ఏమీ కాలేదంటావా? నేల కింద అంతే. అక్కడ తోడితే ఇక్కడ తెలియడానికి ఏళ్ళు పడుతుంది. తోడినచోట కింద నీళ్ళలో పడ్డ గుంట మెల్లగా పాకుతూనే ఉంటుంది…

ఏమిటి? ఉత్తరపు గట్టున జమ్ము కొసలు పండాయా? ఎప్పటినుంచి?… ఎండకనుకున్నావా. ఆ… నేనైనా అలాగే అనుకుందును.

— వచ్చింది. ఉండు, చూడనీ.

…

ఇవాళ్టినుంచి మొదటేడు బాగానే ఉంది. రెండోయేడూ ఫరవాలేదు బాబాయ్, బొమ్మలో మడుగు నీలంగానే ఉంది… మూడోయేడు ఉత్తరపు ఊట లేదు. నాలుగు… నీ గుడిసె దగ్గరది కూడా.

…

ఐదోయేడు బొమ్మలో నీలం లేదు.

…

వినపడుతోందా?… ఏడవకు బాబాయ్. ఆ చేపలు ఇంకెక్కడా లేవని నాకూ తెలుసు.

…

ఏంటీ?… లే, పరిగెత్తు, వెళ్ళి మోటార్లు ఆపించమంటావా? ఇవాళే ఆపేస్తే మడుగు నిలుస్తుందా అనా?

…

బాబాయ్, నేను నీకు చదివి వినిపించింది ఇవాళే ఆపేస్తే వచ్చే లెక్క.

…