ఎర్ర పెంకుపురుగు

కిరండూల్‌లో ఇనుప గని ఉద్యోగుల క్వార్టర్ల వెనక, తొలకరి వాన వెలిసిన ఉదయం, తండ్రీ కూతురూ ఒక జామకొమ్మ ముందు వంగి నిలబడ్డారు. కూతురి ఫోనుకు చిన్న భూతద్దం బిగించి ఉంది.

"కొమ్మ కదపకు నాన్నా, మసగ్గా వచ్చీస్తాది."

"కదపట్లేదే. మన ఎర్ర పెంకుపురుగేనా?"

"అదే. వీపు మీద అవే చుక్కలు. కానీ చూడు, పచ్చగా ఉంది."

"మొన్న ఎర్రగా ఉండీది గదే!"

"అది గని దుమ్ము నాన్నా. వానకి కడుక్కుపోయింది. ఇది మామూలు పురుగే, పుస్తకంలో పేరుంది."

"మరి నువ్వు మొన్న ఫొటో పెడితే, నెట్లో పురుగుల గురించి తెలిసినోళ్లు కొత్త జాతేమో అన్నారు?"

"మన దుమ్ము సంగతి వాళ్లకేటి తెలుసు? ఫొటోలో ఎరుపు చూసి అన్నారు."

"షిఫ్టు బస్సులో అందరికీ చెప్పీసాను. కొత్త పురుగుకి పోయిన మా ఆవిడ పేరు పెట్టిస్తాదట మా అమ్మాయి అని."

"ఈ ఫొటో పెడితే ఇంక అమ్మ పేరు ఉండదు. పెట్టనా, మానీనా?"

"పెట్టీ తల్లీ. మీ అమ్మేటీ అనుకోదు. నా డ్యూటీ చొక్కా నీలం రంగని, ఆవిడ ఉతికి ఆరేసినప్పుడే గదా నాకూ తెలిసీది."