నున్నటి ముంజెయ్యి

హిందూపురం సంతలో, కత్తులకు సాన పట్టే ముసలాయన ముందు కూర్చుని ఒకామె కొంగుచాటు నుంచి కత్తి తీసింది.

"పదును పెట్టాల్నా, అమ్మా?"

"వద్దు తాతా, దీన్ని మొండిగా చెయ్యి. మా ఇంటాయన చూడకుండా తెచ్చినా. చేను గట్టు తగువులో మా బావను నరుకుతానంటాండాడు."

"మొండి చేస్తే కనిపెడతాడమ్మా. ముంజేతి వెంట్రుకలు గీరి పదును చూసుకుంటారు."

"గీరేకి వెంట్రుకలు యాడుండాయి? ఈ పొద్దు చూస్తే ఆయప్ప ఎడమచెయ్యి నున్నగా ఉండాది."

ముసలాయన బొటనవేలితో కత్తి అంచు తడిమాడు.

"నిన్న ఉన్నాయా?"

"ఉండె."

"అమ్మా, ఇది ముందే మొండిది. దీనికి వెంట్రుక తెగదు. ఆయప్ప గీరుకునింది ఇంకో కత్తితో. ఇప్పుడు యాడుండాడు?"

"చేనికి పోయినాడు తాతా. మా బావ... పొద్దుట్నుంచీ ఆడే ఉండాడు."