అల్లుడుగారు చెయ్యి పెట్టిన వాషింగ్ మెషిన్

వాషింగ్ మెషిన్ ముందు అల్లుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సబ్బునీళ్ళు గడప దాటి హాల్లోకి పారుతున్నాయి. అత్తగారు పాత తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడింది.

"ఫిల్టర్ విప్పి కడిగినా గొట్టంలోంచి నీళ్ళు పోవట్లేదు అత్తయ్యా."

"హాల్లోకి మాత్రం చక్కగా పోతున్నాయి బాబూ."

"పంపు పాడైనట్టుంది. అదీ విప్పేశాను."

"మీరు చెయ్యి పెట్టాక ఇంక చూసుకోనక్కర్లేదు."

"ఈ స్క్రూలు ఎక్కడివో గుర్తు రావట్లేదు."

"ఇలా ఇవ్వండి, డబ్బాలో వేస్తాను. మీరు బాగుచేసిన మిక్సీవి కూడా అందులోనే ఉన్నాయి."

"అయినా నిన్నటిదాకా బాగానే పనిచేసిందన్నారు కదా. ఇంతలో ఏమొచ్చింది దీనికి?"

"నడవడానికి అడ్డంగా ఉందని నిన్న మీరు దీన్ని గోడకి ఆనించి నెట్టారు కదా బాబూ. వెనకాల గొట్టం మడతపడిపోయింది."

"ఆ సంగతి మీకు ముందే తెలుసా?"

"నెట్టినప్పుడే చూశాను."

"మరి పొద్దున్నుంచీ ఒక్క మాట చెప్పలేదేం?"

"అల్లుణ్ణి పట్టుకుని తప్పు మీదేనని ఎలా అంటాను బాబూ? అందుకే మెకానిక్‌ని రమ్మన్నాను. అతనికి మీరు అల్లుడు కారుగా."