డోసు పెంచకముందు

ఆగుండ్రి డాక్టరమ్మా, ఆ పెన్ను జర కింద పెట్టుండ్రి. డోసు పెంచుతనంటిరి గదా, విన్న. అది రాసేముందు నా మాట ఒకటి వినుండ్రి.

వాళ్లను బయటనే ఉండనియ్యుండ్రి. మా తమ్ముడు కిష్టయ్య పక్కన నాగవ్వ కూసున్నది, మొగని చెయ్యి ఇడ్సిపెట్టలే. ఎటూ పోడు. "బయటికి పోయొస్తనంటే ఏం జెయ్యాలె బావా?" అని అడిగింది. "శ్రావణ్‌ను ఎంబడి తోలు" అన్న. కన్నతండ్రికి కొడుకు కావలి కాసే రోజు వచ్చింది మా ఇంట్ల, సూడుండ్రి!

అసలు నాకు మస్తు కోపమున్నది. మీ ఒక్కరి మీదనే కాదు, ఈ గోలీలు చేసేటోళ్ల మీద. గవేం అక్షరాలమ్మా? డబ్బల మడతపెట్టి పెడ్తరు. విప్పితే తువ్వాలంత కాయితం, అక్షరాలేమో ఆవగింజలసొంటియి. మనిషి పాణం గురించిన మాటను గట్ల రాస్తరా? ముసలోడు భూతద్దం పట్టుకొని ఎంతసేపు సదవాలె?

ఏందీ? అసలు సంగతి చెప్పమంటరా? అదే చెప్తున్న.

మీకు తెల్వదు గని, నేను డెబ్బై ఎనిమిదిల ఇదే కామారెడ్డిల బీయే చేసిన. స్టేషన్ అవతల చిన్న గది, నలుగురం ఉంటుంటిమి. మా ఇంగ్లీషు సారు ఒకాయన ఉండె, పాఠంల ఒక్క పంక్తి దాటేసినా ఊకోకపోతుండె. సరే, ఆయన సంగతి ఇప్పుడెందుకు. తర్వాత ఎల్లారెడ్డి లైబ్రరీల ముప్పయ్యేండ్లు చేసిన. రిటైరైనంక లింగంపేట అవతల మా ఊళ్లెనే ఉంటున్న.

మా వాడకట్టుల ఇంటింటికి బీడీలు చేస్తరు. ఏ ఆడమనిషికి ఏ కాయితం వచ్చినా నా అరుగు మీదికే వస్తది. పీఎఫ్ కాయితం, బడి కాయితం, మందు డబ్బల కాయితం. ఒకామె మొఖానికి రాసుకునే క్రీము తెచ్చి, "పెద్దసారూ, దీన్ల ఎన్ని రోజులకు తెల్లగైతమని రాసిండ్రు?" అనడిగింది. సదివి చెప్పిన. నవ్వకుండ్రి! ఊరు ఊరంతా అడిగితే ఆ మనిషికి ఏమైతదో తెలుసా? తను ఇంకొకళ్లను అడుగుడు మర్సిపోతడు.

ఒకసారి భూమక్క మోకాళ్ల నొప్పుల గోలీలు తెచ్చింది. కాయితం మొత్తం సదివి, "దీంతోని కడుపుల పుండైతదట, కిడ్నీ పాడైతదట, జర సూస్కో" అన్న. ఆమె చేతుల తునికాకు పెట్టుకొని నవ్వింది. "మేం చేసే బీడీకట్ట మీద గంత భయంకరం బొమ్మ ఉంటది గదనే సారూ. అది సూసి మా ఇంటాయన తాగుడు బంద్ చేసిండా?" అన్నది. డాక్టరు ఇచ్చిండు, ఏసుకుంటనని లేచిపోయింది. ఏసుకున్నది, మంచిగ నడుస్తున్నది. నాకు మాత్రం నామోషీ అయింది.

ఇగో, గడియారం సూస్తున్నరు. నాకు తెలుసు, బయట ఇంక పదిమంది ఉన్నరు.

కిష్టయ్య నాకు పద్నాలుగేండ్లు చిన్నోడు. సంకనెత్తుకొని తిప్పినోన్ని. ఏడాది సంది వాడు చేను మొఖం సూడలే. మక్క ఏసే యాళ్లకు గోడకు తిరిగి పండుకున్నడు. ఊళ్లె ఒకరు గాలి సోకిందన్నరు, ఒకరు కావాలని చేస్తున్నడన్నరు. నేనే బతిమిలాడి మీ దగ్గరికి తీసుకొస్తి. యాదికుందా? ఆ రోజు నన్ను ఒక్కన్నే కూసోపెట్టి మీరేం చెప్పిండ్రు? మొదటి వారాలు ఒక్కన్ని ఇడ్వొద్దు, కంగారు ఎక్కువైతే, నిద్ర పట్టకపోతే, వెంటనే ఫోన్ చెయ్యాలె, మీ అంతట మీరు బంద్ చెయ్యొద్దు అంటిరి. గోలీలన్ని వాని చేతికి ఇయ్యకుండ్రి, మీరే రోజుకొకటి ఇయ్యుండ్రి అని కూడ అంటిరి. నేను తలకాయ ఊపిన. సదువుకున్న మనిషి తలకాయ ఊపిండని మీరు నమ్మిండ్రు.

అప్పుడు నేను కూడ నన్ను నమ్మిన.

ఎల్లారెడ్డి మెడికల్ షాపుల మొదటిసారి గోలీలు కత్తిరించి కవర్ల ఏసి ఇచ్చిండ్రు. డబ్బ లేదు, కాయితం లేదు. పొద్దుగాల చాయ్ తాగినంక ఒకటి నా చేతితోని ఇస్తుంటి, వాడు నా ముందరనే మింగుతుండె. రెండు వారాలు ఏం తెల్వలే. మూడో వారం తానం చేసిండు. నాలుగో వారం మక్కకంకులు కాల్చుకొచ్చి నా ముందర పెట్టి, "తినన్నా, ఉన్న నాలుగు పండ్లకు పని చెప్పు" అన్నడు. ఏడాది తర్వాత వాని నోట్ల పరాష్కం! నాగవ్వ పొయ్యికాడ కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సింది. నెలకు మీ దగ్గరికి వస్తే, అవే నడవనియ్యుండ్రి అంటిరి.

అవే నడిస్తే బాగుండు.

ఈసారి షాపోడు డబ్బ ఇచ్చిండు. కొత్త డబ్బ. లోపల కాయితం. నేను సదవకుంట ఉంటనా? అరుగు మీద కూసొని భూతద్దం పెట్టిన. మీదనే నల్ల గీతలు కొట్టి, ఆ గీతల నడుమ రాసిండ్రు. ఈ మందుతోని ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చునని.

ఇప్పుడంటే మీ ముందర ఆ మాట అన్న గని, మా ఇండ్లల్ల ఆ మాట ఎవరూ నోటికి తేరు. తమ్మునికి నేను నా చేతితోని ఏం మింగిస్తున్న? ఇన్ని దినాలు?

అవును, అవునమ్మా. వయసు కూడ రాసున్నది. ఇరవై నాలుగేండ్ల లోపోళ్ల సంగతని అదే పంక్తిల ఉన్నది. మా వానికి యాభై నాలుగు. సదివిన, సదవలేదని అనను. గని ఆ మొదటి మాట సూసినంక తర్వాత మాట కంటికి ఆనిందే గని తలకెక్కలే. దాన్ని ఒక్కసారిగ బంద్ చేస్తే ఏమైతదో కాయితం ఎనుకదిక్కు రాసిండ్రు. ఎనుకకు తిప్పలే నేను. ఒక్క పంక్తి కాదు, ఒక పక్క మొత్తమే దాటేసిన.

ఫోన్ ఎందుకు చెయ్యలేదంటరా? మీ నంబరు చీటీ మీదనే ఉన్నది. రెండుసార్లు ఫోన్ తీసిన గూడ. ఏమని అడగాలె? ఈ కాయితం నాకు అర్థం కాలేదని అడగాలె. గంతే. గా ఒక్క ముక్క నా నోట్లకెళ్లి రాలే డాక్టరమ్మా.

మందు పనిచేస్తలేదని మీ ఫైల్ల రాయకుండ్రి. మందు పనిచేసింది.

మరి ఎందుకు గిట్లయిండంటరా? చెప్తున్న, చెప్తున్న, జర నీళ్లు తాగనియ్యుండ్రి.

ఆ కాయితం సదివిన మూడో రోజుకు వాడు తల తిరుగుతుందన్నడు. తలకాయల కరెంటు కొట్టినట్టు జివ్వుజివ్వుమంటుందే అన్నడు. నిద్ర కరువైంది. వాకిట్ల అటు ఇటు తిరుగుడు, ఊకె ఏడ్సుడు. గోలీల విషం దిగిపోతున్నదేమో, నాలుగొద్దులైతే నిమ్మలమైతడని నాకు నేనే చెప్పుకున్న. తర్వాత మళ్ల గోడకు తిరిగి పండుకున్నడు. మొన్న బండి తాళం తెచ్చి శ్రావణ్ చేతిల పెట్టిండు, ఇగ నువ్వే సూస్కోమని. నిన్న నా దగ్గరికొచ్చి, దుబాయ్ పోయినప్పుడు కొనుక్కున్న చేతిగడియారం ఇప్పి నా చేతికి పెట్టిండు. ఇగో, ఇదే. "నాకు పనిలేదన్నా" అన్నడు. గప్పుడు సమజైంది నాకు. పొద్దుగాల మొదటి బస్సుకే తీసుకొస్తి.

ఇంకొక మాటన్నడు. బస్సుల కిటికీ దిక్కు సూసుకుంట అన్నడు. "ఒక్కరోజు తప్పకుంట ఏసుకుంటిమి గదనే. నీ చేతితోనే ఇస్తివి. అయినా గిట్లనే అయింది. ఇగ నాకు మందు లేదే అన్నా."

వాడు ఏసుకోలే డాక్టరమ్మా.

ఇరవై రెండు రోజుల సంది వాడు మీ గోలీ ఒక్కటి గూడ ఏసుకోలే. ఆ సంగతి వానికే తెల్వదు. నేను ఇచ్చింది బలం గోలీ. సర్కారు దవాఖానల నా ఎముకలకని ఇచ్చింది, తెల్లగ, గుండ్రంగ అట్లనే ఉంటది. నాగవ్వకు సదువు రాదు. వాడు నా చేతిల ఏమున్నదని ఎన్నడు సూస్తడు? అన్న ఇస్తున్నడు, మింగుతున్నడు. రోజు చాయ్ తాగినంక నోరు తెరిసి సూపెడుతుండె, చిన్నప్పుడు సూపెట్టినట్టు.

మీ గోలీలు ఇగో, నా జేబుల ఉన్నయి. లెక్క పెట్టుకోండ్రి.

తిట్టుండ్రి. ఏమన్న అనుండ్రి, గట్ల సూడకుండ్రి.

ఆ... ఆ... పెంచొద్దు, తక్కువ నుంచి మళ్ల మొదలు. సరే. మొదటి వారాలల్ల చెప్పిన జాగ్రత్తలే మళ్ల. ఇంట్ల అందరికీ చెప్పాలె, నాగవ్వకు, శ్రావణ్‌కు, నేనొక్కన్నే తలకాయ ఊపి పోవుడు కాదు. సరే అమ్మా. ఇయ్యాల ఇక్కడ్నే ఉండాల్నా? ఉంటం. గోలీలు ఇగ నాగవ్వ దగ్గర పెడ్తం. రంగు, ఆకారం ఆమెకు మీరే సూపెట్టుండ్రి.

వానికి కూడ చెప్పాల్నా?

మీరు చెప్తే... నేనే చెప్పాల్నంటరా.

తెలుసు. మందు ఓడిపోలేదని వానికి తెల్వాలె. తెలిస్తేనే మళ్ల మింగుతడు. గని అది తెల్వాల్నంటే నా సంగతి తెల్వాలె. అరవై ఎనిమిదేండ్లొచ్చినయి నాకు. తమ్ముని ముందర నిలబడి, నిన్ను మోసం చేసిన్రా అనుడు ఎట్లుంటదో మీకేం తెలుస్తది?

పిలువుండ్రి. ఈ కుర్చీల వాన్ని కూసోపెట్టుండ్రి, నేను నిలబడ్త. నాగవ్వను కూడ రమ్మనుండ్రి.

ఒక్కటే అడుగుత. వాడు నన్ను తిడితే మధ్యల రాకుండ్రి. లేసి ఒక్కటి కొట్టినా ఆపకుండ్రి. ఇరవై రోజులాయె, వాడు ఎవ్వల మీద కోపానికి రాక. కోపమొస్తే మంచిదే గదా, డాక్టరమ్మా?