జానెడు వంపు

అరవై ఎనిమిది వేసవి. టెక్కలి దగ్గరి పల్లెలో, సన్నపట్టాల మీద నడిచే చిన్నరైలుకి డ్రైవరుగా రిటైరైన మనిషి ఇల్లు. సంత నుంచి వచ్చిన అతని భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది.

“ఓలమ్మో! ఈది తలుపు రెక్కేదీ మావా? దొంగలెత్తుకుపోనారా?”

“నేనే ఊడదీసినాను. దీనిమీద బొమ్మరైలుకి పట్టాలేస్తన్నాను. రెండో రెక్క కూడా కావాల.”

“రెండోదా! ఇంక ఇంటికి తలుపే ఉండదు కదా!”

“ఒక్క రెక్క మీదైతే వంపు తిరిగే గుండ్రం నడిమి నుంచి పట్టాకి జానెడే వస్తాది. ఇంజను తిరుగుతాది గానీ బోగీలు పడిపోతన్నాయి. తక్కువలో తక్కువ మూరెడుండాల.”

“మన ఊరి వంపూ ఇరుకే కదా? అందుకే కదా నీ బండి అక్కడ నత్తలాగ పాకేది?”

“ఇరుకని ఎవుడు సెప్పినాడు? అంత ఇశాలమైన వంపు లైనంతటా లేదు.”

“మరెందుకు మెల్లగా నడిపేవోడివి?”

“గట్టు పక్కనే మీ అయ్య సేను. నువ్వు కలుపు తీసీదానివి.”

“ఓరి నాయనో! ఊరు ఊరంతా ఆ వంపు పెమాదమనుకున్నాం! పిల్లల్ని అటేపు పోనిచ్చీవోళ్ళం కాదు!”

అతను ఆమెనే చూస్తున్నాడు.

“అలా సూస్తావేటి? రెక్క నేను పట్టుకుంటాను, నువ్వు బందులు ఊడదియ్యి.”