పద్నాలుగో మనిషి

మందుల షాపు వెనక గదిలో యజమాని, ఆయన లైను కొలవమని పిలిపించిన అమ్మాయి.

"గంటకి ముప్పై మంది వస్తారు. కౌంటర్లో మనిషి గంటకి ముప్పై మందికి మందులిస్తాడు. సరిపోయిందిగా? మరి లైను రోడ్డెక్కిందేంటి?"

"సరిపోయింది కాబట్టే సార్."

"అర్థమయ్యేలా చెప్పమ్మా."

"రెండు నిమిషాలకొకరు చొప్పున బుద్ధిగా రారుగా. కాసేపు ఎవరూ రారు. తర్వాత పదిమంది ఒక్కసారే పడతారు. ఖాళీగా పోయిన నిమిషాలు తిరిగిరావు. ఇక తోక పెరుగుతూనే ఉంటుంది."

"సగటున చూస్తే..."

"లైన్లో నిలబడేది సగటు కాదు సార్, మనుషులు."

"సరే, సరే. మూడు వారాలు స్టూలేసుకుని కూర్చున్నావు. ఏం చెయ్యమంటావు?"

"రెండో కౌంటర్. సగటున నిమిషం కూడా ఆగక్కర్లేదు."

"ఉండేదమ్మా. ఆర్నెల్ల కిందట తీసేశా. అక్కడొకడుండేవాడు. నత్త అనేవాణ్ణి. చీటీ రెండుసార్లు చదివేవాడు. ముసలాళ్ళకి పొద్దున ఏది, రాత్రి ఏది అని కవర్ల మీద రాసిచ్చేవాడు. మిగతా టైమంతా గోళ్ళు గిల్లుకోవడమే."

"ఆ ఖాళీ ఉండబట్టే లైను ఉండేది కాదు."

"ఇప్పుడు తెలిసిందిలే."

"పొమ్మంటే పోయాడా?"

"ఊరికే పోతాడా, ఇరవై ఏళ్ళుగా పాతుకుపోయినవాడు? మాత్రలు కొట్టేశాడని అందరి ముందూ జేబులు వెతికించా."

"దొరికాయా?"

"కళ్ళజోడు దొరికింది. అదంతా ఇప్పుడెందుకు? కబురు పెడితే వస్తాడేమో."

"రారు."

"నీకేం తెలుసు?"

"నేనిచ్చిన లెక్కల్లో ఆఖరి పేజీ తియ్యండి సార్."

"ఏముంది, లైను బొమ్మ. పద్నాలుగో మనిషి దగ్గర ఎర్రగీత."

"అక్కడిదాకా వచ్చినవాళ్ళు ఇంకో షాపు కోసం చుట్టూ చూస్తున్నారు. రోజూ చూశాను."

"అక్కడేముంది, మూసిన షట్టరు."

"మొన్న అద్దెకి తీసుకున్నాం."

"తీసుకున్నాం అంటే... ఎవరు?"

"ఇంట్లో ఇప్పటికీ కవర్ల మీద రాస్తూనే ఉంటారు సార్, మా నాన్న."

"నువ్వు... నేను పిలిచింది నా లైను కొలవమని!"

"కొలిచాను. ఒక్క అంకె తప్పు లేదు."

"రేపే రెండో మనిషిని పెడతా. చూస్తూ ఉండు."

"పెట్టుకోండి. లైనే ఉండదు. రేపు పొద్దున షట్టరెత్తుతున్నాం, రెండు కౌంటర్లు. బోర్డు మీద పేరు మాత్రం మా నాన్నకి మీరు పెట్టిందే."