ముందు నీ చెయ్యి

టైలరమ్మ కొట్టు. ఆమెకు ఏడో నెల. ఇంటింటికీ తిరిగి గర్భిణులను చూసే నర్సుకు ఎనిమిదో నెల.

“ఇవ్వను.”

“చెయ్యి చాపక్కా. పట్టీ కట్టి రెండు నిమిషాల్లో విప్పేస్తా.”

“అర నిమిషం కూడా ఇవ్వను.”

“బీపీ చూడకుండా వెళ్తే నాకు చీవాట్లు.”

“పడనీ.”

“పోయిన నెల నువ్వే కేకేసి మరీ చూపించుకున్నావు. ఇవాళ ఏం పుట్టింది నీకు?”

“ఇంకా పుట్టలేదు. రెండు నెలలుంది.”

“జోకులు తర్వాత. చెయ్యి.”

“ముందు నీది.”

“నాదేంటి?”

“నీ చెయ్యి. ఆ పట్టీ నువ్వు కట్టుకో. నీ అంకె చూశాకే నాది.”

“నేను నర్సునక్కా!”

“అయితే? నర్సు కడుపులో పెరిగేది బిడ్డ కాదా, సిరంజా?”

“నాకు ఆసుపత్రిలో చూస్తారులే.”

“ఎవరు?”

“చూస్తారు.”

“అదే, ఎవరు చూస్తారంటున్నా.”

“అబ్బా, ఇంకా నాలుగిళ్ళున్నాయి. నీతో వాదించే ఓపిక లేదు.”

“ఎక్కడుంటుంది? రెండు మెట్లెక్కేసరికే కణతలు నొక్కుకుంటున్నావు.”

“ఎండ.”

“పొద్దున్నుంచీ మబ్బేసి ఉంటే ఎండేంటి? సరే, ఆ తెల్లకోటు ఎవరు కుట్టారు?”

“నువ్వే.”

“పదహారు రోజులైంది. మణికట్టు దగ్గర రెండు వేళ్ళు వదులు పెట్టాను. ఇవాళ గుండీ పట్టక చేతులు పైకి మడిచావు.”

“కడుపుతో ఉంటే ఒళ్ళు రాదా?”

“పొట్ట దగ్గర వస్తుంది, ఒప్పుకుంటా. మణికట్టు దగ్గరేంటి? ఇరవై ఏళ్ళుగా కొలతలు తీస్తున్నా, నాకు చెప్పకు. మొహం చూసుకున్నావా? కళ్ళు చొక్కా కాజాల్లా అయిపోయాయి.”

“నీరు పట్టడం మామూలేనని నేనే కదా అందరికీ చెప్పేది.”

“కాళ్ళకి మామూలన్నావు. మొహానికీ చేతులకీ వస్తే పరుగెత్తుకు రమ్మన్నావు. మేమందరం విన్నాం. నువ్వే వినలేదు.”

“అక్కా, వదిలెయ్.”

“వదల్ను. కట్టుకుంటావా, నన్ను కట్టమంటావా? నడుములకి టేపు చుట్టేదాన్ని, జబ్బకి పట్టీ చుట్టలేనా?”

“నీ మొండితనం పాడుగాను... కట్టు. అంత గట్టిగా లాగకు. ఆ బటన్ నొక్కు.”

“మాట్లాడకు. మాట్లాడితే అంకె తప్పొస్తుందని నువ్వే అంటావు... నూట డెబ్బై రెండు. కింద నూట పన్నెండు.”

“మిషన్ పాడైంది.”

“అలాగా? ఇదుగో, ఇప్పుడు తీసుకో నా చెయ్యి.”

“...నూట పద్దెనిమిది. కింద డెబ్బై ఆరు.”

“మిషన్ బంగారంలా ఉంది.”

“నీకు తెలీదక్కా. ఈ అంకె చూస్తే ఇవాళే మంచమెక్కిస్తారు. నెలలు నిండకుండానే కోసి తీస్తారు. మూడేళ్ళ కిందట అలాగే తీశారు. దక్కలేదు.”

“అందుకని చూసుకోవడమే మానేశావా?”

“చూడకపోతే లేనట్టే అనుకున్నా.”

“పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టా? తలనొప్పి ఎన్నాళ్ళ నుంచి?”

“అడగొద్దు.”

“అడుగుతా. మా ఆయన లోపలే ఉన్నాడు. ఏవయ్యా, బండి తియ్యి! చూడమ్మా, నువ్వెక్కకపోతే నేనే ఎత్తి కూర్చోబెడతా. రెండు పొట్టలూ గుమ్మంలో ఇరుక్కుంటే వీధి వీధంతా నవ్వుతుంది. నాకేం సిగ్గు లేదు.”

“ఫోన్ ఇలా ఇవ్వు.”

“మీ ఆయనకా?”

“డాక్టరుగారికి... మేడమ్, నర్సుని. ఒక కేసు తీసుకొస్తున్నా. ఎనిమిదో నెల, బీపీ నూట డెబ్బై రెండు, నూట పన్నెండు. తలనొప్పి మూడు రోజులుగా ఉంది. నిన్నటి నుంచి కళ్ళ ముందు మెరుపులు. బిడ్డ కదులుతోంది... వద్దు మేడమ్, ఆవిడ చెకప్ కార్డు తీయకండి. అందులో అన్నీ మంచి అంకెలే ఉంటాయి, ఒక్కటీ కొలిచింది కాదు. అది నా కార్డే. నేనే రాసుకున్నాను.”